పదో నంబరు చొక్కా

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో దగ్గర నుంచి చైతన్యపురి దాకా ఒక సాయంత్రం వేళ నడిచి చూడండి. తల ఎత్తితే పిల్లల బొమ్మలు. మేడల మీదా, స్తంభాల మీదా, కోచింగు సెంటర్ల గుమ్మాల మీదా కళ్ళద్దాలవాళ్ళు, కళ్ళద్దాలు లేనివాళ్ళు, నవ్వేవాళ్ళు, నవ్వమంటే నవ్వినవాళ్ళు వందల మంది కనిపిస్తారు. ఒక్కొక్క బొమ్మ కింద ఒక్కొక్క అంకె. అది ఆ బిడ్డ ర్యాంకు. తల దించితే కాలిబాట మీద పట్టా పరుచుకుని చొక్కాలు అమ్మేవాడు కనిపిస్తాడు. ఆ చొక్కాల వీపు మీద కూడా ఒక అంకె ఉంటుంది: పది. దాని పైన ఒక పేరు: మెస్సీ. మా పేట మొత్తం మీద ర్యాంకు కాని అంకె బహుశా అదొక్కటే.

ఆ చొక్కా కొనే పిల్లల్లో సగానికి సగం మంది ఫుట్‌బాలు కాలితో తాకి ఉండరు. తాకటానికి చోటేదీ? అయినా కొంటారు, తొడుక్కుంటారు, ఉతకటానికి వెయ్యమంటే తల్లుల మీద అలుగుతారు. ఎక్కడి అర్జెంటీనా, ఎక్కడి ఎల్‌బీ నగర్? సముద్రాలు దాటి వచ్చిన ఈ అభిమానం ఏమిటో చూద్దామని నాకు చాలాకాలంగా ఉన్నది. 2025 డిసెంబరు 13న ఆ చొక్కా అసలు యజమానే మా పేటకు పది కిలోమీటర్ల లోపుకు వచ్చి వెళ్ళాక ఇక రాయక తప్పింది కాదు.

ఎల్‌బీ నగర్ నుంచి ఉప్పల్ స్టేడియానికి రెండు దారులు. రోడ్డు మీద అయితే నాగోలు మీదుగా వెళ్ళిపోవచ్చు. మెట్రో ఎక్కితే మాత్రం పడమటగా పోయి, బండి మారి, మళ్ళీ తూర్పుకు తిరిగి రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. ఆ శనివారం సాయంత్రం రెండు దారులూ నీలం, తెలుపు చారల చొక్కాలతో నిండినై. మెస్సీతో పాటు ఉరుగ్వే దేశపు సువారెజ్, అర్జెంటీనా వాడే అయిన డి పాల్ వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు స్వయంగా నిక్కరు తొడుక్కుని మైదానంలోకి దిగి ఆడారు. రాహుల్ గాంధీ వచ్చి చూశారు. మెస్సీ పిల్లలతో కాసేపు ఆడి, జనంలోకి నాలుగు బంతులు తన్ని, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అదే రోజు ఉదయం కలకత్తాలో పెద్దమనుషులంతా ఆయన చుట్టూ మూగి, టిక్కెట్టు కొన్నవాళ్ళకు ఆయన తల కూడా కనిపించనివ్వకపోతే, జనం కోపం పట్టలేక కుర్చీలు పీకి విసిరారు. మన ఊళ్ళో ఆ గొడవ జరగలేదు. వేల రూపాయలు పెట్టి వెళ్ళినవాళ్ళు కనీసం మనిషిని చూసి వచ్చారు.

చూసి వచ్చినవాళ్ళలో మా కింది వాటా ఆయనా, ఆయన కొడుకూ ఉన్నారు. ఆయనది నల్లగొండ జిల్లా. ఒక కంపెనీలో లెక్కలు రాస్తాడు. కొడుకు ఏడో తరగతి. మరునాడు ఉదయం పాలపాకెట్టు చేత్తో పట్టుకునే మెట్ల మీద నన్ను ఆపాడు.

"సార్, మీరు పత్రికల్ల రాస్తరు గదా, ఒక్క మాట చెప్పుండ్రి. మా పోరడు బాల్ బాల్ అని పానం తీస్తుండు. ఎనిమిదికెల్లి ఫౌండేషన్‌ల ఎయ్యాలె, ఫీజు గూడ మాట్లాడిన. ఆడనేమో ఆదివారం గూడ క్లాసే. వీడు ఆదివారం ఒక్కపూటన్న ఇడువు నాయినా అంటుండు. ఇడిస్తే పాడైతడా, ఇడవకుంటే పాడైతడా?"

ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో ఇద్దరికి ఒకరైనా ఏదో ఒక మాటతో ఈ ప్రశ్న వేసుకునే ఉంటారు. బంతి కాకపోతే వీణ, వీణ కాకపోతే కుంచె. అందుచేత అప్పటికప్పుడు సలహా చెప్పక, ముందు ఆ చొక్కా యజమాని కథ ఆయనకు చెప్పాను. మీకూ చెబుతాను. అందులో ఆట కన్న సంసారమే ఎక్కువ.

మెస్సీ 1987 జూన్ 24న అర్జెంటీనాలో రొసారియో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. తల్లి అయస్కాంతాలు తయారుచేసే చోట పనిచేసేది. ముగ్గురు మగపిల్లల తరవాత ఒక ఆడపిల్ల. వీడు మగపిల్లల్లో మూడోవాడు. మన భాషలో చెప్పాలంటే ఒకటో తారీకు కోసం ఎదురుచూసే ఇల్లు. చిన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకుపోయింది అమ్మమ్మ. ఈనాటికీ గోలు చేసినప్పుడు రెండు వేళ్ళు ఆకాశానికి ఎత్తి చూపేది ఆమెకే.

పదకొండో ఏడు ప్రాంతంలో తెలిసిందేమంటే, పిల్లవాడు ఎదగటం లేదు. ఒంట్లో ఎదుగుదలకు కావలసిన హార్మోను చాలినంత తయారుకావటం లేదన్నారు వైద్యులు. మందు ఉన్నది. రోజూ రాత్రి కాలికి సూది గుచ్చుకోవాలి. ఏళ్ళ తరబడి గుచ్చుకోవాలి. ఖర్చు నెలకు వెయ్యి డాలర్ల దాకా. అర్జెంటీనా ఆర్థిక పరిస్థితి అప్పటికే కుంగుతున్నది. తండ్రి ఉద్యోగపు బీమా కొంతకాలమే ఆదుకున్నది. అక్కడి క్లబ్బులు పిల్లవాడి ఆటను మెచ్చుకున్నై గాని, సూదుల ఖర్చు దగ్గర చేతులెత్తేసినై. మెచ్చుకోలు ఎక్కడైనా ఉచితమే గదా.

2000 సంవత్సరంలో తండ్రి కొడుకును వెంటబెట్టుకుని స్పెయిన్ దేశంలో బార్సిలోనా చేరాడు. పిల్లవాడి వయస్సు పదమూడు, ఎత్తు చూస్తే తొమ్మిదేళ్ళవాడు. ఆట చూసినవాళ్ళు నోరు తెరిచారు. అయినా క్లబ్బు పెద్దలు తేల్చరు. పరదేశి పిల్లవాడు, పైగా రోగం. నెలలు గడిచినై. తండ్రి ఇక వెళ్ళిపోతామన్నాడు. అప్పుడు ఆ క్లబ్బు అధికారి కార్లెస్ రెషాక్ ఒక హోటలు బల్ల దగ్గర కూర్చుని, కాగితం కోసం వెతకకుండా, చెయ్యి తుడుచుకునే కాగితపు రుమాలు మీద రాసి సంతకం చేశాడు: ఎవరేమన్నా సరే, ఈ పిల్లవాణ్ణి మేము తీసుకుంటున్నాము అని. ఆ రోజు 2000 డిసెంబరు 14. ఆ రుమాలును 2024లో వేలం వేస్తే ఏడున్నర లక్షల పౌండ్ల పైన పలికింది. మెస్సీ ఉప్పల్లో బంతి తన్నిన సాయంత్రానికి, ఆ రుమాలు మీద సంతకం పడిన రోజుకూ మధ్య ఇరవయ్యయిదేళ్ళకు ఒక్క రోజు తక్కువ.

సూదుల ఖర్చు క్లబ్బు పెట్టుకున్నది. కాని సంసారం మాట? కొన్నాళ్ళకు తల్లి మిగతా పిల్లలను తీసుకుని రొసారియో వెళ్ళిపోయింది. తండ్రి ఈ ఒక్క కొడుకుతో పరాయి ఊళ్ళో ఉండిపోయాడు. ఒక బిడ్డ ఆట కోసం ఇల్లు రెండు ముక్కలైంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో బిడ్డను దింపి, ట్రంకు పెట్టె లోపల పెట్టి, గేటు బయట కళ్ళు తుడుచుకునే తల్లికి ఈ ముక్క విడమరిచి చెప్పనక్కరలేదు.

తరవాతి కథ లోకానికంతా తెలిసిందే. 2004 అక్టోబరులో, పదిహేడేళ్ళ వయస్సున, బార్సిలోనా పెద్ద జట్టులో లీగు ఆట మొదలు పెట్టాడు. 2021లో ఆ క్లబ్బును వదిలేనాటికి 778 ఆటల్లో 672 గోళ్ళు. 2012 ఒక్క సంవత్సరంలోనే, దేశానికీ క్లబ్బుకూ కలిపి, 91 గోళ్ళు. ప్రపంచంలో ఆ యేటి మేటి ఆటగాడికి ఇచ్చే బంగారు బంతి ఎనిమిదిసార్లు ఇతనికే వచ్చింది. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. పరుగులో ఇతన్ని మించినవాళ్ళు ఉన్నారు, గాలిలోకి ఎగిరి తలతో కొట్టటంలో మించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇతని విద్యంతా బంతిని పాదానికి అంటించుకుని ఉండటంలో, ఆడకుండా నిలబడ్డప్పుడు చుట్టూ చూసుకోవటంలో ఉన్నది. ఆట జరుగుతుంటే ఈయన చాలాసేపు ఊరికే నడుస్తూ కనిపిస్తాడు. చూసేవాళ్ళకు బద్ధకం అనిపిస్తుంది. ఎవరెక్కడ ఉన్నారో, ఖాళీ ఎక్కడ పడుతున్నదో లెక్క కట్టుకుంటూ ఉంటాడు. లెక్క తేలాక పరుగు.

కాని నేను మా కింది వాటా ఆయనకు ఈ అంకెలు చెప్పలేదు. ఓటములు చెప్పాను. 2014లో ప్రపంచకప్పు ఆఖరి ఆటలో జర్మనీ చేతిలో ఒక్క గోలుతో ఓటమి. మరుసటి ఏడు దక్షిణ అమెరికా దేశాల కప్పు ఆఖరి ఆటలో చిలీ చేతిలో ఓటమి. 2016లో మళ్ళీ అదే ఆఖరి ఆట, అదే చిలీ, అదే ఓటమి. పైగా పెనాల్టీ తన్నుల్లో మెస్సీ తన్నిన బంతి గోలు మీదుగా పోయింది. మూడేళ్ళు, మూడు ఆఖరి మెట్లు, మూడుసార్లు జారటం. ఇక దేశం తరఫున ఆడనన్నాడు. సొంత దేశం వాళ్ళే, ఇతను బార్సిలోనావాడే గాని మనవాడు కాడు అని ఆడిపోసుకున్నారు. కొన్ని వారాలకు మనస్సు మార్చుకుని తిరిగి వచ్చాడు. 2021లో బ్రెజిల్ దేశాన్ని వాళ్ళ మారకానా మైదానంలోనే ఓడించి ఆ కప్పు తెచ్చాడు. 2022 డిసెంబరు 18న ఖతార్‌లో ఫ్రాన్సుతో ప్రపంచకప్పు ఆఖరి ఆట మూడు మూడు గోళ్ళతో సమమై, పెనాల్టీల్లో నాలుగు రెండుతో అర్జెంటీనా గెలిచింది. ఆ మూడింటిలో రెండు మెస్సీవి. అప్పటికి ముప్పయ్యయిదేళ్ళు. పదమూడో ఏట ఇల్లు వదిలినవాడికి ముప్పయ్యయిదో ఏట పంట ఇంటికి వచ్చింది. మన పిల్లలకు పన్నెండో తరగతిలో రాకపోతే జన్మ వృథా అంటున్నాము.

ఇంతవరకూ విని ఆయన అన్నాడు: "గది ఆల్ల దేశం సార్. మన తాన ఎవడు జూస్తడు?"

ఆ మాటకు నాకు కొంచెం కోపం వచ్చింది. ఎందుకంటే, మన దగ్గర చూసినవాళ్ళు ఉన్నారు. మన పేటకు వచ్చే దారిలోనే ఉన్నారు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తికి బడిపంతులు. కాచిగూడా, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేశారు. ఈనాడు మలక్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చే బస్సు ఎక్కినవాళ్ళంతా ఆ చాదర్‌ఘాట్ దాటే వస్తారు. ఆయన 1950లో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టుకు శిక్షకుడైనాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. తరవాత దేశపు జట్టును ఆయన చేతికి ఇచ్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను నాలుగు రెండుతో ఓడించి మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో తంగరాజ్, అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలామ్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ అంతా హైదరాబాదు మైదానాల్లో ఆడినవాళ్ళే. కుడికాలి వాటం ఉన్నవాళ్ళ చేత ఎడమకాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారట రహీం గారు. బడిపంతులు గదా, రానిదే రాయించేవారు.

ఆ పేర్లలో చివరిది తులసీదాస్ బలరామ్. 1936లో సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టాడు. పేద ఇల్లు. బూట్లకు డబ్బు లేక, తల్లి దగ్గర రెండు రూపాయలు తీసుకుని, పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఆట బూట్లుగా కుట్టించుకున్నాడని చెబుతారు. రహీం గారు అతని ఆట చూసి హైదరాబాదు రమ్మంటే, రోజూ అంత దూరం రావటానికి చార్జీలు లేవన్నాడట. అప్పుడు రహీం గారు అద్దె సైకిలుకు డబ్బు ఇచ్చి రప్పించుకున్నారట. బార్సిలోనాలో కాగితపు రుమాలు, ఇక్కడ అద్దె సైకిలు. రెండూ ఒకటే. ఈ పిల్లవాడి లోటు నా లోటు అని ఒక పెద్దవాడు అనుకోవటం.

బలరామ్ ముందు వరసలో ఎడమ పక్కన ఆడేవాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతన్ని తీసుకుపోయింది. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ అయినాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్, ఈ ముగ్గురినీ భారత ఫుట్‌బాలు త్రిమూర్తులని చెప్పుకునేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ జట్టు మనను రెండు ఒకటితో ఓడించింది. ఆ ఒక్కటీ బలరామ్ కొట్టింది. అవతలి పక్క గోలు కొట్టినవాళ్ళలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే కుర్రవాడున్నాడు; 1967లో ఐరోపా మేటి ఆటగాడిగా బంగారు బంతి అతనికి వచ్చింది. తరవాత ఫ్రాన్సుతో ఒకటి ఒకటి సమం. చివరి ఆట దక్షిణ అమెరికా దేశమైన పెరూతో. మూడు ఒకటితో ఓడాము. ఆ ఒక్కటీ మళ్ళీ బలరామ్‌దే. మెస్సీ ఖండంవాళ్ళ గోలులో అమ్ముగూడ పిల్లవాడు, మెస్సీ పుట్టటానికి ఇరవయ్యేడేళ్ళ ముందే, బంతి వేసి వచ్చాడన్న మాట.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో బలరామ్ థాయిలాండు మీదా, జపాను మీదా గోళ్ళు చేశాడు. ఆఖరి ఆట దక్షిణ కొరియాతో. రాజకీయపు రగడ మూలాన అక్కడి జనానికి మనవాళ్ళంటే మండిపడుతున్న రోజులు. లక్ష మంది దాకా జనం, అంతా అవతలి పక్షం. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును ముందు వరసలోకి పంపారు రహీం గారు. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి; రెండు ఒకటితో మనకు బంగారు పతకం. ఆనాటికే రహీం గారి ఒంట్లో క్యాన్సరు ఉన్నది. 1963 జూన్‌లో పోయారు. ఆ పంతులు పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

ఆ 1963లోనే బలరామ్‌కు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆడవద్దన్నారు వైద్యులు. ఇరవయ్యేడేళ్ళు నిండీ నిండకుండానే ఆట ముగిసింది. మెస్సీ ఆ వయస్సు తరవాతనే దేశానికి కప్పులు తెచ్చాడు. బలరామ్ రైల్వే ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలకు ఆట నేర్పుతూ, బెంగాల్లోనే ఉత్తరపాడాలో గంగ ఒడ్డున జీవితం గడిపాడు. 1962లో అర్జున అవార్డు ఇచ్చారు. త్రిమూర్తుల్లో చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న, ఎనభయ్యారేళ్ళ వయస్సున, కలకత్తాలో కన్ను మూశాడు. మరునాడు హైదరాబాదులో ఎన్ని ఇళ్ళల్లో ఆ మాట అనుకున్నారో గాని, మా పేటలో అమ్మే చొక్కాల మీద ఆయన పేరు నేను ఇంతవరకూ చూడలేదు.

ఇదేమీ దెప్పిపొడుపు కాదు. పిల్లలు తమకు కనిపించినవాణ్ణి ప్రేమిస్తారు. కనిపించేటట్టు చెయ్యవలసింది పెద్దలు. 2019లో హైదరాబాదు పేరున ఒక ఫుట్‌బాలు క్లబ్బు వెలిసి, 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. కరోనా రోజుల మూలాన ఆ సీజను ఆటలన్నీ గోవాలోనే జరిగినై. సొంత ఊరివాళ్ళు గచ్చిబౌలిలో కూర్చుని చూసే యోగం లేకపోయింది. 2025లో ఆ క్లబ్బు చేతులు మారి, పేరు మారి, ఢిల్లీకి తరలిపోయింది. ఊళ్ళో ఉన్న జట్టు ఊరు విడిచిన సంవత్సరమే ఊళ్ళోకి మెస్సీ వచ్చాడు. పండక్కి వచ్చిన చుట్టానికి పట్టుపంచె పెట్టాము. ఇంటి పిల్లవాడికి చొక్కా గుడ్డ కొలవలేదు.

ఇక చోటు సంగతి. ఎల్‌బీ నగర్, నాగోలు చుట్టుపక్కల వల కట్టి, పచ్చగడ్డి లాంటి తివాచీ పరిచి, గంటకింత అని అద్దెకిచ్చే ఆటస్థలాలు వెలిసినై. రాత్రి దీపాల కింద ఉద్యోగస్తుల పిల్లలు ఆడుకుంటున్నారు. సంతోషం. కాని తల్లిదండ్రుల జేబు కొలతను బట్టి ఆట కొలత ఏర్పడితే అమ్ముగూడ పిల్లవాడు అందులో అడుగు పెట్టగలడా? సరూర్‌నగర్ మైదానం ఉన్నది గాని, దానికి బంతుల కన్న రాజకీయ సభల వల్ల పేరు ఎక్కువ. విక్టోరియా మెమోరియల్ హోం ఆవరణ ఉన్నది; ఆరో నిజాం ఏలుబడిలో అనాథ పిల్లల కోసం పెట్టిన చోటు. మెట్రో స్టేషనుకు ఆ పేరు పెట్టి మనం రోజూ దాని మీదుగా పోతున్నాము. కిటికీలో నుంచి చూస్తే పేటలో ఇంకా మిగిలిన ఖాళీ నేల ఎంత విలువైనదో తెలుస్తుంది. ధర మాట కాదు నేను అంటున్నది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇదంతా మగపిల్లల గొడవ అనుకోకూడదు. నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఈనాడు భారత మహిళా జట్టులో ముందు వరస ఆటగత్తె. 2022లో ఐరోపాలో క్రొయేషియా దేశానికి పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడి వచ్చింది. ఆ తరవాత కలకత్తా ఈస్ట్ బెంగాల్ మహిళా జట్టులో చేరింది; 2024-25లో ఆ జట్టు దేశపు మహిళా లీగు గెలిచింది. బలరామ్ తొడిగిన ఎరుపు పసుపు చొక్కాయే అది. అరవై ఏళ్ళ తరవాత ఒక తెలంగాణ తండా పిల్ల తొడిగింది. ఈమె వెనుక కూడా ఎక్కడో ఒక నేల, ఒక బంతి, వద్దనకుండా ఊరుకున్న ఒక ఇల్లు ఉండే ఉంటై.

ఇంత చెప్పి, కింది వాటా ఆయనకు జవాబు చెప్పకపోతే నాది పురాణ కాలక్షేపమే అవుతుంది. నేను చెప్పింది ఇది.

మీ వాడు మెస్సీ కాడు. ఆ మాట ముందే అనుకోండి. కోటికొక్కడు గూడా కావటం లేదు. కాని ఫౌండేషనులో వేసే పిల్లలంతా ఆ బొమ్మల మీదికి ఎక్కుతున్నారా? ఎక్కనివాళ్ళ బొమ్మలు ఎవరూ వెయ్యరు గనుక మనకు కనిపించరు, అంతే. రెండూ లాటరీలే. ఒక లాటరీకి వాయిదాల మీద లక్షలు కడుతున్నాము. రెండోదానికి వారానికి ఒక పూట ఇమ్మంటే పిల్లవాడు పాడైపోతాడని భయపడుతున్నాము.

ఈ రెండింటికీ ఒక తేడా ఉన్నది. చదువు పోటీలో ఓడిపోవటం ఎట్లాగో మనం పిల్లలకు నేర్పటం లేదు. ఓటమి ఒక్కసారే, ఫలితాల రోజున, కొండ మీది బండలాగా వచ్చి పడుతున్నది. ఆ రోజుల్లో పేపరు తెరవాలంటే మనకే చేతులు వణుకుతున్నై. ఆటలో అట్లా కాదు. ఆదివారం పొద్దున ఏడింటికి మూడు గోళ్ళతో ఓడి, ఎనిమిదింటికి ఇడ్లీ తిని, వచ్చే ఆదివారం మళ్ళీ పోతాడు. ఓటమిని చిల్లర డబ్బుల్లో చెల్లించే అలవాటు పడుతుంది. మూడు ఆఖరి ఆటలు ఓడినవాడు నాలుగోదానికి ఎందుకు వచ్చాడో మీ వాడికి ఏ ఫౌండేషనూ చెప్పలేదు. మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాడికి చెప్పనక్కరలేదు.

అందుచేత ఆదివారం పూట విడవండి. ఫీజు కట్టేముందు, ఆదివారం మా వాడు రాడని రాయించుకోండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఒప్పుకునే చోట చేర్చండి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు సెంటర్లకు కరువా? చదువు మానిపించమని నేను అనటం లేదు. బలరామ్‌కు ఆట ఆగిన రోజున ఉద్యోగమే అన్నం పెట్టింది. రెండు కాళ్ళూ నేల మీద ఉండాలి, ఒకటి బంతి మీదికి పోయినా.

ఆయన కాసేపు ఆలోచించి, "ఆల్లతోని మాట్లాడి జూస్త సార్" అన్నాడు. పాలపాకెట్టు అప్పటికి వేడెక్కినట్టున్నది. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఏం మాట్లాడాడో, వాళ్ళేమన్నారో నాకింకా తెలియదు. పిల్లవాడు మాత్రం ఆ సాయంత్రం నాకు ఎదురై, అడక్కుండానే నమస్కారం పెట్టి పోయాడు.

చదివే అమ్మలకూ, అయ్యలకూ నాదొక మనవి. మీ పిల్లల బడిలో లెక్కల మేష్టారి పేరు మీకు తెలుసు. భౌతికశాస్త్రం చెప్పే ఆయన పేరు తెలుసు, ఫోను నంబరు కూడా తెలుసు. ఆటలు నేర్పే మేష్టారి పేరేమిటో ఈ వారంలో ఒకసారి కనుక్కోండి. బడిలో అసలు అటువంటి మేష్టారు లేరని తెలిస్తే, ఎందుకు లేరని హెడ్మాస్టరు గారిని నెమ్మదిగా అడగండి. చాదర్‌ఘాట్ బడిపంతులు ఒకరు ఒకప్పుడు దేశానికి బంగారు పతకం తెచ్చారని కూడా, సందర్భం చూసుకుని, చెప్పండి.